కూతురికి అందని మైకు

అక్కయ్య సంస్మరణ సభలో ఆమె కన్నకూతురికి మైకు ఇవ్వలేదు. అడగకపోవడం వల్ల కాదు, అడిగింది. టైము లేక కాదు, ఎండ నడినెత్తికి వచ్చేదాకా మగవాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు. ఇవ్వలేదంతే.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. పాత సంగతి ఇప్పుడెందుకు తవ్వుతావని మా ఇంట్లోవాళ్లే అంటున్నారు. తవ్వుతాను. పోయింది మామూలు మనిషి కాదు. మా ఊళ్లో పదిమంది ముందు నిలబడి మాట్లాడిన మొదటి ఆడమనిషి. ఆమె గురించి చెప్పుకోవడానికని పెట్టిన సభలో, ఆమె మాట్లాడగా విన్న ఒకే ఒక్క బిడ్డను స్టేజీ కింద నిలబెట్టారు. ఇంతకు మించిన తప్పు నేను సభల్లో చూడలేదు. సభలు నేను చూసినన్ని మా వైపు ఎవరూ చూసి ఉండరు.

నా చదువు నాలుగో తరగతి దగ్గర ఆగిపోయింది. విజయవాడ వన్ టౌన్‌లో ఒక పప్పుల హోల్‌సేల్ కొట్లో గుమాస్తాగా చేరి అక్కడే ముసలివాణ్ణయ్యాను. పగలు బస్తాల మధ్య, సాయంత్రం సభల్లో. విజయవాడలో ఆ రోజుల్లో మీటింగు లేని సాయంత్రం ఉండేది కాదు. రాజకీయ సభ, సాహిత్య సభ, పురాణ కాలక్షేపం, హమాలీల సభ, ఏదైనా సరే, కొట్టు కట్టేసి ముఖం కడుక్కుని వెళ్లి కూర్చునేవాణ్ణి. అక్కడ విన్న మాట అర్థం కాకపోతే ఆదివారం గ్రంథాలయానికి వెళ్లి వెతుక్కునేవాణ్ణి. నా బడి అదే. చప్పట్లు పడాల్సిన చోట ఆగి మంచినీళ్లు తాగే వక్తలను చూశాను. మైకును కోడి మెడ పట్టుకున్నట్టు పట్టుకుని అరిచేవాళ్లను చూశాను. ‘రెండే రెండు మాటలు చెప్పి ముగిస్తాను’ అని సభను చీకటిపడేదాకా కూర్చోబెట్టినవాళ్లకైతే లెక్కే లేదు. వాళ్లంతా మగవాళ్లు. ఆడవాళ్లు స్టేజీ ఎక్కేది మొదట్లో ప్రార్థన పాడటానికి, లేదంటే చివర్లో వందన సమర్పణకి. వందన సమర్పణ వేళకి జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. మైకు సెట్టువాడు వైర్లు చుట్టుకుంటూ ఉంటాడు. ఆ గోలలో ఒక అమ్మాయి అందరి పేర్లూ వరసగా చదివి, అందరికీ దణ్ణం పెట్టి, తను ఏం మాట్లాడిందో ఎవరూ వినకుండానే దిగిపోయేది.

ఆడవాళ్లకు మాట్లాడటం రాకనా అంటే, కాదు. అందుకే నాకు మంట.

మైకులు రాని రోజులు నాకు గుర్తున్నాయి. నూర్పిళ్లయిన కళ్లంలో ఎద్దులు విప్పేసిన బండి ఒకటి నిలిపేవారు. వక్త ఆ బండెక్కి మాట్లాడేవాడు. జనం మధ్యలో గొంతున్నవాడొకడు నిలబడి, వక్త మాటను అందుకుని వెనకవాళ్లకు మళ్లీ అరిచి చెప్పేవాడు. ఆడవాళ్ల కోసం ఓ పక్కగా తాటాకు తడిక కట్టేవారు. తడిక అవతల కూర్చుని వినాలి. కనపడకూడదు. చంటిపిల్ల ఏడిస్తే లేచి ఇంటికి పోవాలి. స్వరాజ్యం సభల్లో పెద్దిళ్ల ఆడవాళ్లు కొందరు మాట్లాడారని పెద్దవాళ్లు చెబితే విన్నాను. నేను కళ్లారా చూసింది మాత్రం అక్కయ్యనే.

మాకు రక్తసంబంధం లేదు. మా అమ్మ ఆమెను ‘కూతురా’ అని పిలిచేది గనక నాకు అక్కయ్య, ఆమె పిల్లలకు నేను మావయ్యని. అప్పటికి ఆమెకు పెళ్లి కాలేదు, నాకు మీసం రాలేదు. కోతలకు వెళ్లిన ఆడవాళ్లకు ధాన్యం తక్కువ కొలుస్తున్నారన్న విషయం మీద ఆ వేళ సభ. మాట్లాడాల్సిన పెద్దమనిషి బందరు నుంచి రావాలి, రాలేదు. జనం లేచిపోతున్నారు. అప్పుడు అక్కయ్య తడిక అవతలి నుంచి లేచి వచ్చి బండెక్కింది.

“నేను తడిక అవతలున్నోళ్లకి వినపడాలని చెప్తన్నా. ముందు కూర్చున్నోళ్లకి ఇష్టం లేకపోతే చెవులు మూసుకోండి,” అంది.

లేచినవాళ్లు కూర్చున్నారు. అందుకుని చెప్పేవాడు నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. అతని అవసరం రాలేదు. ఆమె గొంతు అరుపు కాదు. పక్కింటి మనిషితో గోడ మీంచి మాట్లాడుతున్నట్టు ఉండేది, కానీ కళ్లం చివరదాకా వెళ్లేది.

తర్వాత కొన్నేళ్లు ఆమె, ఇంకొందరు ఆడపిల్లలు కాలవ గట్ల వెంట నడిచి ఊరూరా తిరిగారు. కొందరు పాటలు పాడేవారు, అక్కయ్య మాట్లాడేది. బురదకాళ్లతో బండెక్కేది, బురదకాళ్లతోనే దిగి ఇంకో ఊరు వెళ్లేది. ఆ తర్వాత ఆమెకు పెళ్లయింది.

భర్త చెడ్డవాడని నేను అనను. మంచి రైతు, నలుగురికి సాయం చేసే మనిషి, సభల్లో తనూ మాట్లాడేవాడు. పెళ్లయిన కొత్తలో ఎవరో వచ్చి అక్కయ్యను మీటింగుకు పిలిస్తే, “ఇంట్లో ఒకళ్లం మాట్లాడతన్నాం గదండీ, చాల్లే,” అన్నాడట, నవ్వుతూనే. అంతే. కేకలు లేవు, గొడవ లేదు. ఆ నవ్వుతో ముప్పై నలభై ఏళ్లు గడిచిపోయాయి.

ఆ ఇంటికి వక్తలు వచ్చి భోంచేసేవారు. విజయవాడ నుంచి, గుడివాడ నుంచి, ఎక్కడెక్కడి నుంచో. పీటల మీద కూర్చుని సాయంత్రం ఏం మాట్లాడాలో అనుకునేవారు. అక్కయ్య వడ్డిస్తూ, వంటింట్లోకి వెళ్తూ వస్తూ, ఒక మాట విసిరేది. ఒకసారి నేను అక్కడే ఉన్నాను. కౌలుదార్ల సంగతి మాట్లాడుకుంటున్నారు. గరిటెతో పప్పు వడ్డిస్తూ, “నాటిన చెయ్యీ కోసిన చెయ్యీ ఒకటే గదా, కొలిచే చెయ్యి వేరెందుకయిందని అడగండి,” అంది. తినేవాళ్లు తల ఎత్తలేదు. ఆ నెల్లోనే విజయవాడలో ఒక పెద్ద సభలో ఒక పేరున్న వక్త ఆ మాట అచ్చంగా అలాగే అన్నాడు. మైదానం మోగిపోయింది. నేను ఊరెళ్లినప్పుడు పరుగున వెళ్లి చెప్పాను.

“అక్కయ్యా, నీ మాటకి చప్పట్లు పడ్డాయే!”

“పడనీలేరా. మాట బయటికెళ్లింది, అది చాలు,” అని గిన్నెలు తోముకుంటూ కూర్చుంది. కాసేపాగి, “కొలిచే చెయ్యి అనే ముందు ఆయన కాస్త ఆగాడా?” అని అడిగింది.

“లేదక్కయ్యా, ఒక్క గుక్కలో అనేశాడు.”

“ఆగాలిరా అక్కడ. ఆగితే ఇంకా బావుండేది,” అంది. ఆ ఒక్కసారే ఆమె ముఖంలో ఆకలి చూశాను. మాట్లాడే మనిషికి మాట్లాడే చోటు లేకపోతే ఎలా ఉంటుందో ఆ వేళ తెలిసింది.

ఆమెకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. వాళ్లెవరూ అప్పటికి అమ్మ మాట్లాడగా వినలేదు. వినడానికి ఆమె మాట్లాడితే గదా. అమ్మ ఒకప్పుడు బండెక్కి మాట్లాడిందని నేను చెబితే కొడుకులు నవ్వేవారు, మావయ్య కథలు చెప్తున్నాడని. కూతురు నవ్వేది కాదు. “ఏం మాట్లాడింది మావయ్యా? చెప్పండి, ఎలా మాట్లాడింది?” అని వెంటపడేది.

ఆ అమ్మాయి పెద్దదై విజయవాడ బస్టాండులో ఉద్యోగంలో చేరింది. బస్సులు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తాయో మైకులో చెప్పే పని. ఊరెళ్లే బస్సు కోసం నిలబడ్డప్పుడల్లా నాకు ఆమె గొంతు పైనుంచి వినపడేది. ‘హనుమాన్ జంక్షన్ మీదుగా ఏలూరు వెళ్లు ప్రయాణికులకు మనవి.’ రోజూ ఎన్ని వేలమంది విన్నారో ఆ గొంతును. ఆ గొంతు ఎవరిదని ఒక్కరైనా తలెత్తి చూడగా నేను చూడలేదు. అద్దం వెనక కూర్చుని చెప్పేది, ఎవరికీ కనపడదు. తడిక పోయి అద్దం వచ్చిందని నేనంటే నవ్వేది.

తొంభైల మొదట్లో సారా వద్దని ఆడవాళ్లు రోడ్డెక్కారు. మా ఊళ్లోనూ ఎక్కారు. అప్పటికి అక్కయ్య భర్త పోయి కొంతకాలమైంది. ఒక పొద్దున ఆడవాళ్లంతా సారా కొట్టు ముందు కూర్చున్నారు. వేలంపాటలో కొట్టు దక్కించుకున్నవాడి మనుషులు కర్రలతో వచ్చి నిలబడ్డారు. ఆ సమయానికి కూతురు సెలవు మీద ఊళ్లో ఉంది. జుట్టు నెరిసిన అక్కయ్య లేచి, కొట్టు అరుగు మీదికెక్కి, ఆ కర్రలున్నవాళ్ల వైపు తిరిగి మాట్లాడింది. మైకు లేదు, ఆహ్వానం కార్డు లేదు, అధ్యక్షుడు లేడు. మాట్లాడటం పూర్తయ్యేసరికి కర్రలున్నవాళ్లలో ఒకడు కర్ర గోడకి ఆనించి ఇంటికి వెళ్లిపోయాడట. మర్నాటి పేపర్లో ఫొటో పడింది. కింద ‘సారా కొట్టు ఎదుట మహిళల ఆందోళన’ అని రాశారు. ఎవరు మాట్లాడారో, ఏం మాట్లాడారో ఒక్క ముక్క లేదు.

సెలవు అయిపోయి వచ్చిన రోజు ఆ అమ్మాయి నేరుగా మా కొట్టుకు వచ్చింది. బస్తాల మధ్య నిలబడి, “మావయ్యా! అమ్మ మాట్లాడింది! నేను విన్నా!” అంది. హమాలీలు మోత ఆపి చూశారు. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి, ముఖం వెలిగిపోతోంది. నాకు అసూయ వేసిన మాట నిజం.

తర్వాత కొన్నాళ్లకే అక్కయ్య పోయింది.

మా కృష్ణా జిల్లాలో పెద్దకర్మ నాడు భోజనాలకు ముందు సంస్మరణ సభ పెట్టడం ఆనవాయితీ. ఇంటి ముందు షామియానా, బల్ల మీద పోయినవారి ఫొటో, దానికి దండ, పక్కన పెద్దమనుషులకు కుర్చీలు. ముందే కార్డు వేస్తారు, అధ్యక్షులు ఫలానా, వక్తలు ఫలానా అని. పోయింది మగవాడైనా ఆడదైనా వక్తలు మాత్రం మగవాళ్లే. అదేమిటని ఎవరూ అడగరు, ఆ ఊసే ఎవరికీ తట్టదు. ఇంటి ఆడవాళ్లు పక్కన చాపల మీద కూర్చుంటారు, లేకపోతే వంటల దగ్గర ఉంటారు.

ఆ వేళ అధ్యక్షుడు మా ఊరి సొసైటీకి చాలాకాలం ప్రెసిడెంటుగా చేసినాయన. అక్కయ్య భర్తకు పినతండ్రి కొడుకు. పిల్లలకు బాబాయి, నాకు వరసకు బావ. ఆయన అందర్నీ పేరుపేరునా పిలిచాడు. వాళ్లంతా అక్కయ్య చేతి వంట తిన్నవాళ్లు. ఆ తిండి గురించే మాట్లాడారు. ఆమె అన్నపూర్ణ అన్నారు. ఆదర్శ గృహిణి అన్నారు. ఒకాయన ఆమె పెట్టిన చేపల పులుసు గురించి మొదలెట్టి, అది ఎలా కాచేదో మొత్తం చెప్పుకొచ్చాడు. ఇంకొకాయన ఆమె గురించి మొదలెట్టి తను జైలుకెళ్లిన సంగతి దగ్గర తేలాడు. భర్త వెనుక నీడలా నిలిచిందని ఒకరంటే, నీడ కాదు వెన్నెముక అని మరొకరు సవరించారు. ఆమె మాట్లాడేదని ఒక్కడూ అనలేదు. ఆ కుర్చీల్లో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు కళ్లంలో ఆమె మాట విన్నవాళ్లే. వాళ్లూ అనలేదు.

పెద్దకొడుకును పిలిచారు. మైకు అందుకుని, “మా అమ్మ...” అన్నాడు. ఏడ్చాడు. మైకు పట్టుకుని అలా ఏడుస్తూనే ఉన్నాడు. అధ్యక్షుడు లేచి వీపు నిమిరాడు. చాపల మీద ఆడవాళ్లంతా కొంగులు ముఖానికి పెట్టుకున్నారు. అతని ఏడుపును నేను తప్పు పట్టను. తల్లి పోతే ఏడవక ఏం చేస్తాడు.

అంతలో ఆ అమ్మాయి చాప మీంచి లేచి స్టేజీ మెట్టు దగ్గరకి వచ్చింది. కొంగు నడుముకి దోపుకుంది. చేతిలో కాగితం లేదు.

“బాబాయ్, నేను మాట్లాడతా,” అంది.

“చివర్లో చూద్దాంలే తల్లీ,” అన్నాడాయన.

వెనక చాప మీంచి ఒక ముసలామె, పక్కనున్నామెతో, “రోజంతా బస్టాండులో వాగేది చాల్లేదంటనే దీనికి?” అంది. పక్కనున్నామె మూతి కొంగుతో మూసుకుంది.

ఇంకా కొందరు మాట్లాడారు. ఆ అమ్మాయి మెట్టు దగ్గరే నిలబడి ఉంది. చివరికి అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. ఆమె మళ్లీ అడిగింది.

“బాబాయ్, రెండు మాటలు. అమ్మ సారా కొట్టు దగ్గర అన్న మాటలు ఊళ్లోవాళ్లకి చెప్తా. అంతే.”

“వద్దమ్మా. నువ్వు మాట్లాళ్లేవు. ఏడుస్తావ్.”

“అన్నయ్య ఏడ్చాడుగా. ఆపలేదుగా మీరు.”

“వాడు మగాడు తల్లీ. మగాడు ఏడిస్తే చూసేవాళ్లకి గుండె చెరువైద్ది. ఆడాళ్ల ఏడుపు రోజూ చూసేదేగా.”

ఇది ఆయన కోపంగా అనలేదు. ముద్దుగానే అన్నాడు, తల మీద చెయ్యి వేసి. ముందు వరస కుర్చీలో ఉన్నాను గనక నాకు ప్రతి మాటా వినపడింది. లేచి నిలబడ్డాను.

“బావా, ఆ పిల్లకియ్యండి మైకు. ఆళ్లమ్మ సభ ఇది.”

“కూర్చో బావా. నీకేం, టౌన్లో మీటింగులు మరిగావ్. ఇక్కడ భోజనాలు చల్లారిపోతన్నయ్.”

జనం నవ్వారు. పెద్దకర్మ నాడు, ఫొటో ముందు, నవ్వారు. ఆయన మైకు దగ్గరకు వెళ్లి, “ఇప్పుడు ఆ మహాతల్లి ఆత్మశాంతికి అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం,” అన్నాడు.

అందరూ లేచారు. ఆ అమ్మాయి లేచే ఉంది. ఆమె అడిగిన రెండు మాటలకు ఆ రెండు నిమిషాలు చాలు. ఆ కాస్త సేపూ ఆమె చేత కూడా మౌనం పాటింపజేశారు. ఆ తర్వాత వంటల దగ్గర నుంచి ఎవరో ఆమెను కేకేశారు, మజ్జిగ పోసేవాళ్లు లేరని. వెళ్లి పోసింది. బంతిలో కూర్చున్న అధ్యక్షుడికీ పోసింది. నేను భోంచెయ్యకుండా బస్సెక్కాను.

వారం తర్వాత బస్టాండుకు వెళ్లి, ఆమె డ్యూటీ దిగేదాకా కూర్చున్నాను.

“అమ్మ ఏమందో నాకు చెప్పమ్మా,” అన్నాను.

“చెప్పను మావయ్యా.”

“అదేంటి?”

“అది పదిమందిలో అన్న మాట. పదిమందిలోనే చెప్పాలి. మీకొక్కరికి చెప్తే కబురైపోద్ది.”

ఎంత సరైన మాట. అక్కయ్య కూతురే. “అయితే ఊరి ముందే చెప్పిస్తాను,” అన్నాను. ఆమె చిన్నగా నవ్వి, “చూద్దాం,” అంది.

అక్కడ మొదలైంది నా తగువు. సంవత్సరీకానికి ముందు అధ్యక్షుడికి పోస్టుకార్డు రాశాను, ఈసారైనా అమ్మాయికి మైకు ఇవ్వమని. జవాబు లేదు. ఆ సభకూ ఆమెను పిలవలేదు, భోజనాలకు పిలిచారు. ఆ తర్వాత ఏడూ రాశాను. ఆ పై ఏడూ రాశాను. ఊళ్లో ఆ రోజు సారా కొట్టు ముందు కూర్చున్న ఆడవాళ్లనైనా అడుగుదామని వెళ్లాను. వాళ్లకు గుర్తుంటే నలుగురి చేతా చెప్పించవచ్చు గదా.

“అబ్బో, ఏం మాట్లాడిందనుకున్నారు! ఒళ్లంతా జలదరించింది,” అంది ఒకామె.

“ఏమన్నదమ్మా మరి?”

“మాటలు ఎక్కడ గుర్తుంటయ్ అండీ! మేం కర్రల వంకే చూస్తన్నాం భయంతో. ఆ పిల్ల ఒక్కతే ఆళ్లమ్మ నోటి వంక చూస్తా కూకుంది.”

హనుమాన్ జంక్షన్లో ఒక పెళ్లిలో పెద్దకొడుకు కనిపించాడు. పక్కకు పిలిచి అడిగాను, నీ చెల్లెలికి మైకు ఇప్పించడానికి నీకేం అడ్డమని. అతను తల గోక్కున్నాడు.

“నాకేం అడ్డం మావయ్యా. బాబాయ్ పెద్దోడు, ఆయన చూసుకుంటాడని ఊరుకున్నా. అయినా మీరన్నట్టు అమ్మ నిజంగా మాట్లాడేదంటారా? మేం ఇంట్లో ఎప్పుడూ గట్టిగా అరవటం కూడా వినలేదే.”

ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడు ఆ మాట అడిగాడు.

ఈలోగా మా ఊరి సర్పంచి పదవి ఆడవాళ్లకు రిజర్వయింది. మా బావ తన భార్యను నిలబెట్టాడు, ఆవిడ గెలిచింది. పంద్రాగస్టుకు నేను ఊళ్లోనే ఉన్నాను. బడి దగ్గర జెండా ఎగరేసింది ఆవిడ, మాట్లాడింది ఆయన. ‘సర్పంచ్ గారి తరఫున’ అని మొదలెట్టాడు. సర్పంచ్ గారు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

సభ అయ్యాక ఆయన్ని పట్టుకున్నాను. “బావా, గవర్నమెంటు కుర్చీ ఇచ్చింది చెల్లెమ్మకా, నీకా?”

“మళ్లీ మొదలెట్టావా బావా! దానికి మాట్లాడ్డం రాదు.”

“ఎప్పుడన్నా మాట్లాడనిచ్చి చూశావా?”

ఆయన నవ్వి నా భుజం తట్టాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నా వంక ఒకసారి చూసి, కొంగు సర్దుకుని ఇంటి దారి పట్టింది.

ఏళ్లు గడిచాయి. నాకు కొట్టు మాన్పించారు, కళ్లు సరిగా ఆనట్లేదని. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయ్యాక, ఊళ్లో పొదుపు సంఘాల ఆడవాళ్లు ఒక గది కట్టుకున్నారు. దానికి అక్కయ్య పేరు పెట్టారు. ప్రారంభోత్సవం కార్డు నాకూ వచ్చింది. అద్దాలు పెట్టుకుని చదివాను. పెద్దమనుషుల పేర్లన్నీ అయ్యాక, అడుగున, చిన్న అక్షరాల్లో, వందన సమర్పణ అని అక్కయ్య కూతురి పేరు.

నాకు ఒళ్లు మండింది. మధ్యాహ్నం ఎండలో బస్సెక్కి ఊరెళ్లి మా బావ అరుగు మీద కూర్చున్నాను. ఆయనకూ వయసు మీద పడింది. కర్ర పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“చెప్పులు వెతుక్కునే వేళకా ఆ పిల్ల మాట్లాడాల్సింది?” అన్నాను. “మొదట మాట్లాడించండి. అందరికంటే ముందు. గడియారం చూడకుండా. లేదంటే ఆ గది ముందు నేనొక్కణ్ణే కూర్చుంటా, వచ్చినవాళ్లందరికీ ఆ రోజు జరిగింది చెప్తా.”

కొట్లాడతాడనుకున్నాను. ఆయన చేత్తో ఈగను తోలుకుని, “సరేలే బావా,” అన్నాడు. “మొదటే మాట్లాడమను. ఎంతసేపైనా మాట్లాడమను. ఇప్పుడు స్టేజీ మీద ఒక ఆడమనిషి మాట్లాడకపోతే ఫొటో బాగోదంటన్నారు మావోళ్లు. కార్డు మళ్లీ వేయిద్దాం.”

అంతే. ఇన్నేళ్ల తగువు అలా తేలిపోయింది. ఆయన మనసు మారిందని నేననుకోలేదు. మారకపోయినా సరే, మైకు వస్తే చాలు. నాకు ఆ క్షణాన సంతోషమే కలిగింది, దాచను. అక్కయ్య ఆ రోజు అరుగెక్కి ఏమందో నేను బతికుండగా వినబోతున్నానని తిరుగు బస్సులో కూర్చుని ఎన్నిసార్లు అనుకున్నానో.

మర్నాడు మంగళగిరి వెళ్లాను. ఆ అమ్మాయి అక్కడే కాపురం. విజయవాడ బస్టాండులో ఇప్పుడు రికార్డు చేసిన గొంతు పెట్టారు, ఆమెను వేరే సీట్లోకి మార్చారు. జుట్టు సగం నెరిసింది. అచ్చం అక్కయ్యలాగే ఉంది, కూర్చునే తీరు కూడా. పక్కింట్లో మగ్గం ఆడుతోంది. మంచినీళ్లు ఇచ్చింది. నేను నీళ్లు తాగకుండానే చెప్పేశాను. ఒప్పించానమ్మా, మొదటి మాట నీదే, ఎంతసేపైనా మాట్లాడచ్చు, ఊరంతా వస్తుంది, కొత్త కార్డు వేస్తున్నారు అని.

పక్కింటి మగ్గం ఆగింది, మళ్లీ మొదలైంది. నేను గ్లాసు కింద పెట్టి, “ఏమ్మా, ఏమంటావ్?” అని అడిగాను. అప్పుడు చెప్పింది.

“మావయ్యా, మీరు నాకోసం ఎంత తిరిగారో నాకు తెలుసు. కోప్పడకండి. అమ్మ ఆ రోజు మాట్లాడిందంతా నాకు ఒక్క ముక్క పోకుండా ఉండేది. అమ్మ పోయినాక రోజూ లోపల్లోపల చెప్పుకునేదాన్ని, బస్సులో, పొయ్యి దగ్గర, మర్చిపోతానేమోనని. ముందు ఒక మాట జారిపోయింది. ఎంత వెతుక్కున్నా దొరకలా. ఆ ఖాళీ చూళ్లేక అక్కడ నా మాటొకటి పెట్టుకున్నా. తర్వాత ఇంకోటి పోయింది. ఇప్పుడు మొదటినుంచీ చెప్పుకుంటే బానే వస్తది, ఎక్కడా ఆగదు. కానీ ఏది అమ్మదో ఏది నాదో నాకే తెలీట్లేదు మావయ్యా. ఇది మా అమ్మ అన్నదని ఊరి ముందు నిలబడి ఎట్లా చెప్పను? ఆ రోజు ఇచ్చుంటే చెప్పేదాన్ని.”